గాడికి నంబరుంటదా?

"నంబరేందయ్యా నంబరు? గాడికి నంబరుంటదా యాడనన్న?"

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులా బర్రె పొదుగు పట్టుకుని లలితమ్మ అడుగుతోంది. కోపమంతా గొంతులోనే ఉంది, వేళ్లలోకి దిగలేదు. పాలధార బకెట్లో పడే చప్పుడు ఎప్పటిలాగే నింపాదిగా వినిపిస్తోంది.

"ఆఁ, మాదే. మొన్న మా బిడ్డ తెచ్చి మీ కాలేజీల పెట్టింది... రంగా? రంగేముంటది, కట్టె రంగు... ఏందీ, ఏ కంపెనీదా? కంపెనీ గింపెనీ ఏం లేదు, మా మామ చేసిండు... అరె, చక్రాలెందుకుంటయి నాయినా దానికి? హలో? హలో!"

అవతలివాడు పెట్టేశాడు. లలితమ్మ ఫోను ఒళ్లో జారవిడిచి, చెంబులూ డబ్బాలూ పట్టుకుని నిలబడ్డ పాల గిరాకీల వైపు చూసింది.

"వాచ్‌మన్ కైలాసమంట. కొత్తగ వచ్చిండంట. పార్కింగంత తిరిగి చూసిండంట, మా గాడి లేదంట. ఎట్లుంటది? పార్కింగ్‌ల కారు దొర్కుతది గాని గాడి దొర్కుతదా? నువ్వే చెప్పు సారూ."

సారు అన్నది వరసలో చివర స్టీలు డబ్బాతో నిలబడ్డ మనిషిని. ఆయన జహనుమాలో అద్దెకుంటాడు, మలక్‌పేటలో ఉద్యోగం చేస్తాడు. పాలకని వచ్చి ముచ్చట్లు పట్టుకుపోయే అలవాటు ఆయనకుందని లలితమ్మకు తెలుసు. అందుకే ఆ డబ్బా ఎప్పుడూ ఆఖర్నే నింపుతుంది. కొసరు పోసేటప్పుడు, "నీళ్లు కలపలే సారూ, మాటలే కలిపిన" అంటుంది. ఆ కొసరు మాటల్లో ముక్కలు ముక్కలుగా దొరికిన కథ ఇది.

లొల్లికంతటికీ మూలం ఒక్క మాట. లలితమ్మ ఇంట్లో గాడి అంటే బర్రెకు మేత వేసే తొట్టి. ఆమె పుట్టిల్లు కార్వాన్‌లోనూ అంతే, అత్తిల్లు జహనుమాలోనూ అంతే. కొట్టం గోడ దాటి గల్లీలో కాలు పెడితే మాత్రం గాడి అంటే బండి. స్కూటరైనా గాడే, ఆటో అయినా గాడే, పెళ్లికొడుకు ఎక్కొచ్చే పూలకారైనా గాడే. ఈ గల్లీలో పుట్టిన పిల్లలకు రెండూ వచ్చు. ఏది ఎక్కడ అనాలో నోటికి దానంతటదే తెలుస్తుంది. పక్కింటి మహబూబ్ భాయ్ కార్ల సీట్లకు కవర్లు కుట్టే దుకాణం నడుపుతాడు. "గాడీ ఆయీ" అని ఆయన అరిస్తే దుకాణానికి గిరాకీ వచ్చినట్టు. "గాడి నిండింది" అని లలితమ్మ అరిస్తే దొర్సాని టిఫినుకు కూర్చున్నట్టు. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్ప ఎవరూ పొరపాటు పడలేదు.

దొర్సాని అంటే కొట్టంలో పెద్ద బర్రె. కొట్టంలో నాలుగు బర్రెలు, నాలుగు గాడులు. దేని గాడి దానిదే. మిగతా మూడూ సిమెంటువి. దొర్సానిది మాత్రం లలితమ్మ మామ వైకుంఠం యాప మొద్దు తొలిచి చేసిన గాడి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకి నాకి ఆ గాడి లోపలంతా అద్దంలా నున్నబడిపోయింది. దొర్సాని తల్లి దాంట్లోనే తిన్నది, అమ్మమ్మా దాంట్లోనే తిన్నది. దొర్సానికి ఆ సంగతి తెలుసని, అందుకే ఆ మెడ అట్లా నిక్కించి పెడుతుందని లలితమ్మ నమ్మకం.

"మా ఇంట్ల ఆస్తి పత్రాలు లేకున్నా మెడ సూడు, జమీందార్ల బిడ్డ లెక్క" అంటుంది. అని, తన మెడ కూడా కొంచెం నిక్కిస్తుంది.

భర్త బాలరాజ్ దీనికి పూర్తిగా ఎదురు. పాలు ఎంత జాగ్రత్తగా కొలిచి పోస్తాడో మాటలూ అంతే. ఇన్నేళ్లూ మోటారు సైకిలుకు అటూ ఇటూ క్యాన్లు కట్టి పాలు వేసొచ్చాడు. పోయిన చలికాలం కుడి భుజం పైకి లేవనని మొండికేసింది. అప్పుడు మహబూబ్ భాయ్ దుకాణానికి అమ్మకానికి వచ్చిన ఒక పాత కారు కొన్నారు. వెనక తలుపు పైకి లేస్తుంది, వెనక సీటు మడిస్తే క్యాన్లన్నీ పడతాయి. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు కాగిన పాల మీద మీగడ రంగులో ఉంది.

ఆ కారు ఇంటికి వచ్చిన రోజు గల్లీ అంతా నవ్వింది. కారు పెట్టడానికి ఉన్నది ఒకటే జాగ, కొట్టం గేటు పక్కన, సరిగ్గా దొర్సాని గాడి ఉన్నచోటు. మహబూబ్ భాయ్ గల్లీలో నిలబడి చేయి ఊపుతూ, "గాడి వెనక్కి తీయి బాలరాజ్ భాయ్, గాడి వెనక్కి!" అని అరిచాడు. బాలరాజ్ స్టీరింగు వదిలేసి, కారు దిగొచ్చి, యాపమొద్దు గాడిని పట్టుకుని వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. "అరె భాయ్, వో గాడి నై, యే గాడీ!" అని మహబూబ్ భాయ్ మొత్తుకుంటుంటే, "రెండూ తీయాల్సిందేనాయె" అని బాలరాజ్ జవాబిచ్చాడు. ఆ రోజు మొత్తానికి ఆయన అన్న మాట అదొక్కటే.

దొర్సాని ఒప్పుకోలేదు. తన గాడిని లోపలి మూలకు జరిపారని రెండు పూటలు ముద్ద ముట్టలేదు. గేటు పక్కకే వచ్చి నిలబడి కారు బానెట్టును నాకింది. చివరికి కారుదే తప్పయింది. గాడి మళ్లీ గేటు పక్కకు వచ్చింది, కారు గల్లీలోనే గోడ వారగా నిలబడటం నేర్చుకుంది.

ఇక బిడ్డ సంగతి. పేరు వర్షిత, ఒక్కతే బిడ్డ. మలక్‌పేటలో డిగ్రీ మొదటి ఏడు. పొద్దున ఫలక్‌నుమా స్టేషన్‌లో లోకల్ రైలెక్కి మలక్‌పేటలో దిగుతుంది. కారు వచ్చిన రెండు నెలల్లోనే నేర్చుకుని లైసెన్సూ తెచ్చుకుంది. మహబూబ్ భాయ్ పక్కన కూర్చుని నేర్పించాడు. ఆ గల్లీలో కారు తిప్పగలిగితే ఇంకెక్కడైనా తిప్పొచ్చని ఆయన సర్టిఫికెట్. అయినా వర్షిత కాలేజీకి మాత్రం రైల్లోనే పోయేది.

"పాలేసొచ్చినంక కారు ఖాళీగనె ఉంటది గద బిడ్డా, తీస్కపోరాదు?" అని లలితమ్మ ఎన్నోసార్లు అన్నది.

"వద్దమ్మా. ట్రాఫికు."

"ట్రాఫికు అందరికుంటది."

"పాల వాసనొస్తదమ్మా."

"మన ఇంట్ల సెంటు వాసనొస్తదా?"

అక్కడితో ఆగిపోయేది. లలితమ్మ కూడా ఎక్కువ లాగలేదు. అయితే ఆ పాల వాసన మాట ఆమె లోపల ఎక్కడో గడ్డి పోచలా గుచ్చుకుని ఉండిపోయింది.

అసలు సంగతి ఒక ఫోనుతో బయటపడింది. వర్షిత తలకు పోసుకుంటుంటే ఆమె ఫోను మోగింది. తీసింది లలితమ్మ. చేసింది అలీనా, కాలేజీలో వర్షిత పక్కన కూర్చునే పిల్ల.

"ఆంటీ, సలామలేకుమ్. ఇంక మూడు రోజులకు మా కాలేజ్ ఫంక్షన్ ఉంది. పరీక్షలు అయిపోయినయి కదా, అందరం కలుస్తున్నం. మీ వర్షితకు జర చెప్పండి, మీ గాడీలల్ల ఒక్కటన్నా తెచ్చుమని. నాలుగున్నయంట, ఒక్కటి గూడ చూపియ్యలే ఇప్పటిదాక."

"నాలుగున్నయమ్మా. ఎందుకు, మీకేం పని?"

"ఊకెనే చూడాలని ఆంటీ. ముఖ్యంగ తాతది. తాత జమానాది ఉందంట గద?"

లలితమ్మ ముఖం వెలిగింది. వైకుంఠం పనితనం మలక్‌పేట దాకా తెలిసిందన్నమాట.

"ఉందమ్మా. మా మామ సొంత చేతులతోని చేసిండు."

"సొంతంగ చేసిండా!" అలీనా గొంతు పెంచింది. "ఇప్పటికీ నడుస్తుందా ఆంటీ?"

"ఎందుకు నడ్వదు? రెండు పూటల నడుస్తది. కని దాన్ని తీస్తె దొర్సాని ఊకోదు బిడ్డా."

"దొర్సాని ఎవరు ఆంటీ?"

"మా ఇంట్ల పెద్దది. పొద్దుగాల, సాయంత్రం దాంట్లనే తింటది. ఇంకో జాగల పెడితె ముట్టదు."

అవతల పాత కారులో కూర్చుని తప్ప అన్నం తినని ముసలావిడను ఆ పిల్ల ఊహించుకుంటోంది మరి. "అల్లా! గాడీలనే తింటదా?" అని అలీనా అడుగుతుండగానే, నీళ్లు కారే జుట్టుతో వర్షిత పరిగెత్తుకొచ్చి ఫోను లాక్కుంది.

తర్వాత కథ చెప్పక తప్పలేదు. కాలేజీలో చేరిన కొత్తలో అలీనా అడిగిందట, "మీ ఇంట్ల గాడి ఉందా?" అని. వర్షిత, "నాలుగున్నయి, ఒకటి మా తాతది" అన్నదట. రోజూ ఎవరు కడుగుతారంటే, నేనే కడుగుతా అన్నదట. బయటికి తియ్యరా అంటే, మా బాపు గాడులు బయటికి తియ్యనియ్యడు అన్నదట. వాళ్లు అడుగుతున్నది కార్ల సంగతని తెల్లారి క్లాసులో తన పేరు 'చార్ గాడీ' అయ్యాకగానీ వర్షితకు అర్థం కాలేదు. అప్పుడే చెప్పేయాల్సింది. ఇవాళ, రేపు అనుకుంది. ఏడాది గడిచిపోయింది.

లలితమ్మ ముందు పగలబడి నవ్వింది. పక్కింటి గోడ మీంచి మహబూబ్ భాయ్ తల కనిపించేదాకా నవ్వింది. కథ విన్న ఆయనా నవ్వాడు. నవ్వి, పెద్దమనిషిలా సలహా కూడా చెప్పాడు. "ఫికర్ నక్కో బేటా. నా దుకాణం కాడ ఎప్పుడు జూసినా నాలుగు గాడీలుంటయి. మీ గేటు ముంగట నిలబెడ్త, ఫోటో తీసుకో. నాలుగన్నవ్, నాలుగు చూపిద్దాం."

"జొరమని చెప్పి ఇంట్ల పండుకో" అన్నాడు బాలరాజ్.

"ఇట్లా ఏది చెప్పినా ఇంకో అబద్ధమే గద బాపూ" అన్నది వర్షిత. "కారు తీస్కపోతె, నాలుగు కార్లోళ్లని చెప్పి పాల కార్ల వచ్చిందంటరు. తీస్కపోకపోతె, ఒక్కటి గూడ లేదంటరు. ఎటైనా ఇజ్జత్ పోయినట్టే."

ఆ ఇజ్జత్ మాట దగ్గర లలితమ్మ నవ్వు ఆగిపోయింది.

అప్పటిదాకా ఆమెకు ఒక పిల్ల చిక్కుల్లో పడ్డ సరదా కథ మాత్రమే కనిపించింది. ఇప్పుడు ఇంకోటి కనిపించింది. ఏడాది పాటు బిడ్డ నాలుగు కార్లోళ్ల పిల్లగా తిరిగింది, సరే. మరి బర్రెలోళ్ల పిల్లగా? కాలేజీలో ఎవరికైనా ఈ కొట్టం సంగతి తెలుసా? పెండ తీసే అమ్మ ఉందని తెలుసా? పాల వాసన అన్నది ఇందుకేనా?

అడగలేదు. లలితమ్మకు ఏదైనా నేరుగా అడగడం కష్టమైతే బర్రెల ద్వారా అడుగుతుంది. ఆ సాయంత్రం నుంచి ఆమె మాటలన్నీ దొర్సానితోనే.

"దొర్సానీ, జర ఆ చీకట్లకు జరుగు తల్లీ. కాలేజోళ్లు ఎవరన్న వస్తె నిన్ను చూస్తరు."

వర్షిత వింటూనే ఉంది.

"అంబా అనకు, మలక్‌పేట దాంక ఇనొస్తది. మా బిడ్డ ఇజ్జత్ పోతది."

"అమ్మా!"

"నీతోని మాట్లాడలే. దొర్సానితోని మాట్లాడుతున్న."

తెల్లారి కూడా అదే వరస. దుడ్డెకు, అంటే బర్రె పిల్లకు, సెంటు పూయాలంది. బాలరాజ్‌ను సూటు కుట్టించుకొమ్మంది. ఆయన భుజం తడుముకుంటూ పాలేయడానికి పోయాడు. నవ్వులాటలానే ఉన్నా, ఆ రోజు గిరాకీలకు పోసిన కొసరులో తేడా వచ్చింది. లలితమ్మ మనసు బాగోలేకపోతే కొసరు తగ్గుతుంది. ఆ గల్లీలో ఆమె మనసు కొలిచేది అందరూ దాంతోనే.

ఫంక్షను ముందు రోజు సాయంత్రం పాలు పిండుతూ పిండుతూ లలితమ్మ చేతులు ఆపేసింది. దొర్సాని తల తిప్పి చూసింది, ఏమైందన్నట్టు.

లలితమ్మకు ఒక సంగతి తట్టింది. ఈ గల్లీలో పుట్టిన పిల్ల వర్షిత. బయటి మనిషి, అందులో అలీనాలాంటి ఉర్దూ పిల్ల, గాడి ఉందా అంటే బండి అని అర్థమని పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. తానంటే ఇంట్లో, కొట్టం పక్కన ఉండి పొరపడింది, బిడ్డ ఎందుకు పొరపడింది? కాలేజీలో, బెంచీ మీద కూర్చుని, గాడి అనగానే బర్రె మేత తొట్టి ఎందుకు గుర్తొచ్చింది?

"వర్షీ! ఇట్ల రా."

రెండు రోజుల తర్వాత తన పేరు వినిపించేసరికి వర్షిత పుస్తకం పడేసి వచ్చింది.

"ఆ పిల్ల గాడి అని అడిగెటప్పటికి మీరు దేని గురించి మాట్లాడుతున్నరు?"

"అదేందమ్మా, ఇప్పుడెందుకు?"

"చెప్పు."

"మీదేం పని అని అడిగింది. మాది పాల యాపారం, ఇంట్ల బర్రెలున్నయి, మా అమ్మనే పాలు పిండుతది, నేను పెండ తీస్త అని చెప్పిన. దొర్సాని గురించి చెప్పబోతుంటె గాడి ఉందా అన్నది. బర్రెల గాడి అడుగుతుందనుకున్న. మర్నాటి నుంచి ఆ కార్ల ముచ్చట వచ్చి బర్రెల ముచ్చట మొత్తం మర్చిపోయిన్రు వాళ్లు. నేనేం జెయ్యాలె?"

లలితమ్మ చేతులు మళ్లీ పని మొదలుపెట్టాయి. పాలధార ముందుకన్నా కొంచెం గట్టిగా పడింది.

"నువ్వు రెండు దినాల సంది అదా అనుకుంటున్నవ్?" వర్షిత నడుం మీద చేతులు పెట్టుకుంది. "బర్రెలున్నయని చెప్పనీకి నాకు నామోషి అనుకున్నవా?"

"నేనేమనుకోలె. దొర్సాని అనుకున్నది."

"దొర్సానికి చెప్పు, నేను మస్తు కోపంల ఉన్నా అని."

"ఇంటున్నది. చెవులున్నయి దానికి."

కాసేపు తల్లీ బిడ్డా ఇద్దరూ దొర్సానినే చూశారు. దొర్సాని మాత్రం గాడిలో తౌడు చూసుకుంది.

"కారు నీ ఇష్టం బిడ్డా" అన్నది లలితమ్మ, ఈసారి నేరుగా. "తీస్కపోతె తీస్కపో. లేకుంటె రైల్ల పో. నేనేమనను."

వర్షిత గేటు దాకా పోయి, గోడవార నిలబడ్డ మీగడ రంగు కారును చూసింది. దాని వెనక తలుపు ఎత్తి చూసింది. మళ్లీ వచ్చి గాడిని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. జానతో కొలిచింది.

"కారు తీస్కపోతనే" అన్నది. "కని ఖాళీగ కాదు. వాళ్లు తాత గాడి తెమ్మన్నరు గద. తాత గాడే తీస్కపోత."

మర్నాడు పొద్దున ఆ గల్లీలో జరిగిన ఊరేగింపు వంటిది మళ్లీ జరగదు. దొర్సాని పొద్దుటి మేత తినేదాకా ఆగారు. తర్వాత బాలరాజ్ ఒక కొస, మహబూబ్ భాయ్ ఒక కొస పట్టుకుని యాపమొద్దును కారు వెనక నుంచి లోపలికి తోశారు. సగం లోపలికి పోయింది, సగం బయట నిలబడింది. దొర్సాని పగ్గంతోనే తలుపు కిందికి లాగి కట్టారు. "గాడీమే గాడి! అరె, నా జిందగీల ఇట్లాంటి సీటు కవరు కుట్టలే" అని మహబూబ్ భాయ్ తల పట్టుకున్నాడు. బాలరాజ్ మాట్లాడకుండా ఒక క్యాను పాలు తెచ్చి ముందు సీట్లో పెట్టి, దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు. లలితమ్మ గాడిని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. పిల్లకు బొట్టు పెట్టడం మర్చిపోయిందని కారు కదిలాక గుర్తొచ్చి, వెనకాల పరిగెత్తి పెట్టొచ్చింది.

ఆ రోజంతా ఆమెకు కాలు నిలవలేదు. పాలు పొంగిపోయాయి. ఒకరికి పోయాల్సిన పాలు ఇంకొకరికి పోసింది. ఫోను చేద్దామని తీసి, మళ్లీ పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా గల్లీ మొదట్లో హారను వినిపించింది. లలితమ్మ చేతిలో పెండ తట్ట, చీర కుచ్చిళ్లు పైకి చెక్కుకుని ఉంది. కారు వచ్చి గేటు ముందు ఆగింది. నాలుగు తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. లోపల్నుంచి ఒకరి తర్వాత ఒకరు, ఫంక్షను బట్టల్లో, చెవులకు పెద్ద పెద్ద జుంకాలతో, పిల్లలు దిగుతూనే ఉన్నారు. ఆ కారులో అంతమంది పడతారని అమ్మినవాడికి కూడా తెలిసి ఉండదు.

ముందుగా పరిగెత్తుకొచ్చింది అలీనా. చెప్పులు గేటు దగ్గరే విడిచి, పెండలో కాలు పడకుండా గెంతుతూ వచ్చి, "ఆంటీ, దొర్సాని ఎక్కడ?" అని అడిగింది.

లలితమ్మ తట్ట కింద పెట్టలేదు, చేతులు తుడుచుకోలేదు. తట్ట పట్టుకున్న చేత్తోనే చూపించింది. "అదిగో. మర్యాదగ మాట్లాడు. పేరుకు తగ్గట్టె ఉంటది."

కాలేజీలో ఏం జరిగిందో అందరూ ఒకేసారి చెప్పారు. వర్షిత వెనక తలుపు పగ్గం విప్పి, "ఇదిగో మా తాత గాడి. ఇసొంటియి ఇంట్ల ఇంకో మూడున్నయి" అన్నదట. ఎవరికీ ఏమీ అర్థం కాలేదట. ముందు అర్థమైంది అలీనాకే. "మరి దాంట్లనే తినే దొర్సాని?" అని అడిగి, జవాబు వినకముందే నేల మీద కూలబడి నవ్విందట. నవ్వు ఆగాక, "మరి అన్నీ అబద్ధాలు చెప్పినవా ఏడాది సంది?" అని కొట్లాటకు వచ్చిందట. "ఒక్కటి చెప్పు ఏది అబద్ధమో" అన్నదట వర్షిత. "నాలుగున్నయన్న, ఉన్నయి. నేనే కడుగుతనన్న, కడుగుత. బాపు బయటికి తియ్యనియ్యడన్న, ఇయ్యాలనె మొదటిసారి తీసిన." తర్వాత ఆ గాడి నిండా ఐసు పోసి, బాలరాజ్ పంపిన పాలతో రోజ్‌మిల్కు కలిపి, సీసాల్లో నింపి ఆ ఐసులో పెట్టారట. స్టేజీ కన్నా గాడి దగ్గరే ఎక్కువ గుంపట.

"కార్ల పాల వాసన రాలేదా తల్లీ?" లలితమ్మ ఆగలేక అడిగింది.

"వచ్చింది ఆంటీ. మా ఇంట్ల ఈద్ నాడు పొద్దుగాల పాలు కాగే వాసన" అన్నది అలీనా, దొర్సాని నుదురు గోకుతూ. దొర్సాని కాదనలేదు.

ఆ వచ్చినవాళ్లు చీకటి పడేదాకా పోలేదు. ఒకరు పాలు పిండుతానని కూర్చుంటే ఒక చుక్క కూడా రాలేదు. ఇంకొకరు దుడ్డెతో ఫోటో దిగుతుంటే అది జుంకా నమలబోయింది. లలితమ్మ అందరికీ చాయ్ పెట్టింది. ఆమె మర్నాడు సారుతో చెప్పిన మాట ఇది: "కాలేజీకి కారు తీస్కపోవాల్నా వద్దా అని ఇంట్ల ఇంత లొల్లి అయితె, ఆఖరుకు కాలేజే కారెక్కి మా కొట్టంకు వచ్చింది సారూ." ఆ రోజు ఆయన డబ్బాలో కొసరు మూత దాకా వచ్చింది.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. దొర్సానిని చూస్తామని అంతమంది కారెక్కాలంటే వెనక సీటు లేపాలి, సీటు లేపాలంటే గాడి దించాలి. దించి, కాలేజీ మెట్ల కింద పెట్టి, రేపు తీసుకుందామనుకుని వచ్చేశారు. ఆ రేపటి నుంచే సెలవులు. గేటుకు తాళం. వర్షితేమో కార్వాన్‌లో పెద్దమ్మ ఇంట్లో కూర్చుంది. ఇక్కడ దొర్సాని ముందు ప్లాస్టిక్ టబ్బు పెడితే మూతితో తన్ని దొర్లిస్తోంది. తింటే రెండు బుక్కలు తింటుంది, లేకపోతే గేటు వైపు తిరిగి నిలబడుతుంది. పాలు తగ్గాయి.

ఇదీ ఇవాళ పొద్దున ఆ ఫోను వెనక కథ. లలితమ్మ బకెట్టు పక్కన పెట్టి, సారు డబ్బా అందుకుంది. పోసింది. డబ్బాలో పాలు గీత కిందనే ఆగిపోయాయి. కొసరు లేదు.

"నా మీద కోపం జేస్కోకు, దొర్సానిని అడుగు" అన్నది. డబ్బా మూత పెట్టి, చేతికిస్తూ ఒక్క క్షణం వదలకుండా పట్టుకుంది.

"సారూ, నువ్వు రోజు మలక్‌పేట దిక్కే పోతవ్ గద. ఆ కాలేజీ గేటు కాడ జర ఆగి, ఆఫీసోళ్లు ఎప్పుడుంటరో, మా గాడికి ఎప్పుడు రావాల్నో అడిగి రా. ఊకె గాడి అనకు, మల్ల కైలాసం నిన్ను పార్కింగంత తిప్పుతడు. నంబరు అడుగుతడు. మెట్ల కింద ఉంటది, బొట్లున్నయి, బర్రెది అని చెప్పు. పో, పో, ఆఫీసుకు లేటైతది."

డబ్బాతో గేటు దాటుతుంటే వెనక నుంచి మళ్లీ పిలిచింది.

"సారూ, దొర్సానిది అని చెప్పకు. ఆమెనె వచ్చి తీస్కపొమ్మంటడు."